ట్రాక్టర్ వెనక కాసేపు ఓపిక పట్టు, తల్లీ

తల్లీ,

నువ్వూ నీ స్నేహితురాలూ కారేసుకుని మూడు రోజుల ప్రయాణం పెట్టుకున్నారట. పెద్ద రోడ్డు వదిలేసి పాత రోడ్డు మీద, పొలాల మధ్య నుంచి, చిన్న చిన్న ఊళ్ళ మీదుగా వెళ్తారట. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది. ఫోన్ పెట్టేశాక నాకూ చాలాసేపు నిద్ర పట్టలేదు. నీకు డ్రైవింగ్ నేర్పిన మొదటి రోజు, క్లచ్ వదలగానే బండి ఆగిపోతే బిక్కమొహం వేసుకుని నా వంక చూశావు. ఆ పిల్లేనా ఇంత దూరం బయలుదేరుతోందని ఒకపక్క గుండె నిండిపోయింది, ఇంకోపక్క దడ.

ముందు చిన్న పనులు. టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూపించు. నడిచి వేడెక్కిన టైర్లో గాలి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. స్టెప్నీ మర్చిపోకు. జాకీ వేసి చక్రం మార్చడం ఇంటి దగ్గరే ఒకసారి చేసి చూడు. ట్యాంకు సగానికి దిగిందంటే నింపించెయ్యి. మ్యాప్ ముందే ఫోన్లోకి దించుకో. ఇవన్నీ నీకు తెలుసు, అయినా రాయకుండా ఉండలేను.

ఇక అసలు సంగతి. మీ అమ్మ ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఉంది చూడు, చిన్నప్పుడు మెట్ల మీద పడ్డానని నీకు చెప్పిందట. మెట్ల మీద పడలేదు. ఆ దెబ్బ నా వల్ల తగిలింది.

నువ్వింకా పుట్టలేదు. కోతలు ముగిసిన రోజులు. నేను నడుపుతున్నాను, పక్కన మీ పెద్దనాన్న, వెనక సీట్లో మీ అమ్మ. వెనక కూర్చున్నవాళ్ళు బెల్టు పెట్టుకోవాలన్న ఆలోచనే అప్పుడు మా ఎవరికీ లేదు. ఇలాంటి రోడ్డే, రెండు బళ్ళు పట్టేంత వెడల్పు, నడుమ గీత తప్ప అడ్డేమీ లేదు. ముందు గడ్డి లోడుతో ఒక ట్రాక్టర్. దాని వెనక తగిలించిన ట్రక్కు కనపడనంతగా రెండు పక్కలా వేలాడుతోంది గడ్డి. దాని వెనక ఓ పది నిమిషాలు నడిచాను. పరకలు ఎగిరొచ్చి అద్దానికి తగులుతున్నాయి. విసుగొచ్చింది. అంతలో రోడ్డు తిన్నగా వచ్చింది, ఎదురుగా ఒక్క బండి లేదు. సరిగ్గా అప్పుడే ట్రాక్టర్ రోడ్డు అంచుకి జరిగింది. నాకు దారి ఇస్తున్నాడనుకున్నాను. హారన్ కొట్టి, వేగం పెంచి పక్కనుంచి వెళ్ళబోయాను.

అతను దారి ఇవ్వలేదు. నేను వెళ్తున్న వైపే ఉన్న పొలం బాటలోకి తిరగబోతున్నాడు. వెనక ట్రక్కు ఉన్న బండి ఇరుకు బాటలోకి తిరగాలంటే ముందు అవతలి అంచుకి జరిగి, అక్కణ్ణుంచి వెడల్పుగా తిప్పాలి. అది నాకు తెలియదు. బ్రేకు తొక్కాను కానీ సరిపోలేదు. కారు ట్రక్కు చక్రానికి తగిలి, గిర్రున తిరిగి పొలంలోకి దిగింది. మీ అమ్మ నుదురు ముందు సీటుకి కొట్టుకుంది, ఏడు కుట్లు పడ్డాయి. గడ్డి మీద కూర్చున్న పిల్లాడు, పదిహేనేళ్ళుంటాయేమో, కింద పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఏడవలేదు. విరిగిన చేతిని రెండో చేత్తో పొత్తిళ్ళలో బిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. ఆ ట్రాక్టరాయన నన్ను తిట్టలేదు. "చెయ్యి చూపించానమ్మా, చూళ్ళేదా?" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. చూపించే ఉంటాడు. ఆ చేతికీ నాకూ మధ్య అంత గడ్డి ఉంది.

ఇన్నేళ్ళలో ఆ నిమిషాన్ని ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకున్నానో. నా కళ్ళు ట్రాక్టర్ మీదే ఉన్నాయి. పొలం బాట చూసుంటే బాగుండేది. అక్కడ తారు మీద తడి మట్టి చక్రాల గుర్తులు అడ్డంగా ఉన్నాయట, చెట్ల వరసలో ఖాళీ ఉందట. తర్వాత మీ పెద్దనాన్న చూసి చెప్పారు. అందుకే నువ్వు ముందు బండిని కాదు, దాని ముందున్న రోడ్డుని చూడు. రోడ్డు మీద మట్టి కనపడితే అక్కడికి ట్రాక్టర్లు వచ్చి పోతున్నాయన్నమాట. ఎత్తుగా ఎదిగిన పంట ఉన్నచోట ఆ బాటలు దగ్గరికి వెళ్ళేదాకా కనపడవు. ఇంజన్ మోతలో అతనికి నీ హారన్ వినపడదు, లోడు అడ్డమొచ్చి నువ్వు కనపడవు. నువ్వు వెనక ఉన్నావని అతనికి తెలుసనుకోకు.

లెక్క చెప్తాను. గంటకి 90 కిలోమీటర్ల మీద ఉంటే సెకనుకి 25 మీటర్లు పోతావు. 20 మీద పోయే ట్రాక్టర్ 200 మీటర్ల దూరంలో ఉందనుకుంటే పది సెకన్లలో దాని వెనక ఉంటావు. అదే దాని వెనక రెండు నిమిషాలు ఓపిగ్గా నడిచావనుకో, నీకు పోయేది ఒకటిన్నర నిమిషం. నేను ఆ ఒకటిన్నర నిమిషం దగ్గర ఓడిపోయాను.

మీ అమ్మ వద్దంటున్నది నీ మీద నమ్మకం లేక కాదు. ఆరోజు నుంచీ ఏ కారెక్కినా ఆమె చెయ్యి తలుపు పిడి మీదే ఉంటుంది. గమనించే ఉంటావు. ప్రయాణం వద్దన్నందుకు ఆమె మీద కసురుకున్నావని విన్నాను. వెళ్ళి పక్కన కూర్చో, ముందు మాట నువ్వే కలుపు.

మిగతావి త్వరగా చెప్తాను. గంట సేపు 90 మీద నడిపాక 50కి తగ్గిస్తే బండి పాకుతున్నట్టే ఉంటుంది. అందుకని ఊళ్ళోకి అడుగుపెట్టగానే నీ అంచనాని కాదు, మీటర్ని నమ్ము. చక్రం తారు అంచు దిగిందా, స్టీరింగ్ ఒక్కసారిగా లాగకు. వేగం తగ్గనిచ్చి, నెమ్మదిగా రోడ్డు మీదికి ఎక్కించు. చాలా రోజుల ఎండ తర్వాత పడే తొలి వాన చినుకులకి రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి జారుతుంది. రెండు గంటలకోసారి దిగి నడవండి. నాలుగు సెకన్లు కునుకు పడితే, 90 మీద ఉన్నప్పుడు 100 మీటర్లు కళ్ళు మూసుకుని నడిపినట్టే. సూర్యుడు ఎదురుగా దిగేవేళ బండి ఆపేసి, గదికి చేరిపోండి. అద్దం లోపలి వైపు కూడా తుడుచుకో, ఆ మసకే ఎండ పడితే తెరలా కమ్మేస్తుంది.

ఇంత భయపెట్టాను గానీ, ఆ రోడ్డంటే నాకు ఇష్టం పోలేదు తల్లీ. నాట్లు వేసిన పొలం పక్కగా పోతుంటే సాళ్ళు ఒక్కొక్కటే నీ వైపు తెరుచుకుని మూసుకుంటాయి, విసనకర్ర విప్పినట్టు. అది పక్క సీట్లో వాళ్ళు చూసేది. నీకు చూడాలనుంటే మలుపు లేనిచోట, నాలుగు చక్రాలూ రోడ్డు దిగేలా ఆపి, ఇంజన్ కట్టేసి చూడు. ఎండు గడ్డి మీద మాత్రం ఆపకు. బండి కింద పొగ గొట్టం వేడికి అంటుకుంటుంది.

వెళ్ళిరా. వచ్చాక ఒక ఆదివారం మీ అమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, బెల్టు నువ్వే పెట్టి, ఊరి చివరిదాకా తీసుకెళ్ళు. రానంటే బలవంతపెట్టకు, ఇంకో ఆదివారం అడుగు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ