స్క్రూలకు అమెరికా క్లియరెన్స్ ఉంటే చాలా?

ప్రశ్న: మా నాయినకు నడుములో ఎల్4-ఎల్5 పూసలను కలిపి బిగించాలన్నారు. వాడే స్క్రూలకు అమెరికా ఎఫ్‌డీఏ క్లియరెన్స్ ఉందంటున్నారు. ఇంకేమైనా అడగాలా?
– ఒక పాఠకుడు, మర్రిగూడ, నల్లగొండ జిల్లా

జవాబు: తప్పకుండా అడగండి. ఎఫ్‌డీఏ అంటే అక్కడి మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ. ఇలాంటి ఇంప్లాంట్లకు అది ఎక్కువగా ఇచ్చేది 510(కె) క్లియరెన్స్. ఇప్పటికే అమ్మకంలో ఉన్న పరికరానికి ఇది సరితూగుతుందని కంపెనీ చూపించిందని దాని అర్థం. ప్రతిదాన్నీ కొత్తగా రోగుల మీద పరీక్షించారని కాదు. మన దేశంలో అమ్మాలంటే 2017 వైద్య పరికరాల నిబంధనల కింద కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ లైసెన్సు కావాలి. దిగుమతి సరుకుకు ఎండీ-15 ఫారంలో, ఇక్కడ తయారైనదానికి ఎండీ-9 ఫారంలో ఆ లైసెన్సు ఇస్తారు.

ఒక్క జత పూసలకు మామూలుగా నాలుగు స్క్రూలు, రెండు రాడ్లు, మధ్యలో ఒక కేజ్ (రెండు పూసల నడుమ ఎడం నిలిపే చిన్న దిమ్మ) పడతాయి. ప్యాకెట్ల మీది స్టిక్కర్లను కేసు షీటులో అంటించి, కాపీ ఇమ్మనండి. స్క్రూలు ట్రేలో వస్తే వాటి లాట్ నంబర్లు (ఏ విడతలో తయారయ్యాయో తెలిపేవి) రాయించండి. బిల్లులో ‘స్పైన్ సెట్’ అని ఒక్క ముక్క రాస్తే ఒప్పుకోవద్దు. రేపు స్క్రూ విరిగినా, కంపెనీ ఆ సరుకును వెనక్కి పిలిచినా ఆ నంబరే ఆధారం.

మీ ప్రాంతం కాబట్టి ఇంకో మాట: ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఉంటే సర్జన్‌కు ముందే చెప్పండి. అలాంటి ఎముక ఎక్స్‌రేలో గట్టిగా కనిపించినా పెళుసుగా ఉండొచ్చు. ఎముక అతుక్కునేదాకా పూసలు కదలకుండా పట్టుకోవడమే స్క్రూల పని. అతుక్కోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. అతుక్కోకపోతే స్క్రూ వదులవుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. బీడీ, సిగరెట్ తాగేవారిలో ఈ ముప్పు ఎక్కువ. అలవాటుంటే ఆపరేషన్‌కు కనీసం నెల ముందే మాన్పించండి.