మంచి కొలెస్ట్రాల్, చెడు కొలెస్ట్రాల్: ఆ విశేషణాలు దేనికి?

సందేహం: మా నాన్నగారి రక్తపరీక్ష రిపోర్టు చూసి డాక్టరుగారు ఎల్.డి.ఎల్.ను చెడు కొలెస్ట్రాల్ అనీ, హెచ్.డి.ఎల్.ను మంచి కొలెస్ట్రాల్ అనీ అన్నారు. కొలెస్ట్రాల్‌లో నిజంగా రెండు రకాలున్నాయా? ఈ వాడుక సరైనదేనా? లైపోప్రొటీన్, ఎంజైమ్ అనే మాటలకు తెలుగేమిటి?

సమాధానం: కొలెస్ట్రాల్ ఒకటే. నూనె నీళ్లలో కలవనట్టే అదీ రక్తంలో కలవదు. అందుకని ప్రొటీన్లు చుట్టిన చిన్న చిన్న మూటల్లో తిరుగుతుంది. ఆ మూటే లైపోప్రొటీన్. ఎల్.డి.ఎల్. (లో డెన్సిటీ లైపోప్రొటీన్) మూటలు కొలెస్ట్రాల్‌ను ఒళ్లంతా పంచుతూ, మరీ ఎక్కువైతే రక్తనాళాల గోడల్లో చేరిపోతాయి. హెచ్.డి.ఎల్. (హై డెన్సిటీ లైపోప్రొటీన్) మూటలు మిగిలినదాన్ని తిరిగి కాలేయానికి చేరుస్తాయి. మంచీ చెడూ మూటవి. పేరు పడింది సరుకుకి!

అలాగని వాడుక తప్పనలేం. ‘మంచాః క్రోశంతి’ అని అలంకారశాస్త్రంలో ఒక పాత ఉదాహరణ ఉంది. మంచెలు కేకలేస్తున్నాయి అంటే మంచె మీది మనుషులు కేకలేస్తున్నారని. దీన్నే లక్షణ అంటారు. మనం మాత్రం ‘ఏయ్ ఆటో!’ అని డ్రైవర్ని పిలవమూ? వీధిలో వెళ్తున్నాయన్ని ‘ఓ అరటిపళ్లూ, ఇటు రా’ అంటే పళ్లేమీ నడిచి రావు కదా.

ఇక ఎంజైమ్, అంటే ఒంట్లో రసాయన చర్యల్ని వేగంగా జరిపించే పదార్థం. గ్రీకులో ఆ మాటకు ‘పులిపించే ఈస్టులో ఉన్నది’ అని అర్థం. సంస్కృతంలో కిణ్వమన్నా సారాయి పులియబెట్టడానికి వేసే పదార్థమే, కాబట్టి అర్థం చక్కగా కుదురుతుంది. అయితే కిణ్వనం పాఠ్యపుస్తకాల్లో పులియడానికి స్థిరపడిపోయింది. ఎంజైమ్‌ను అలాగే ఉంచండి. లైపోప్రొటీన్ లైపేజ్ అనే ఎంజైమ్ చేసే పనికీ పులుపుకీ ఇప్పుడు సంబంధం లేదు. సన్నని రక్తనాళాల గోడలకు అంటిపెట్టుకుని, భోజనం తర్వాత వచ్చే మూటల్లోని ట్రైగ్లిజరైడ్లనే కొవ్వుల్ని విడగొడుతుంది. మూట మీదుండే అపో సి-2 అనే ప్రొటీన్ దానికి తోడు రావాలి. పుట్టుకతో ఈ ఎంజైమ్ లేనివాళ్ల రక్తం తీసి ఫ్రిజ్‌లో రాత్రంతా నిలవుంచితే, పొద్దునకు పైన కొవ్వు మీగడలా తేలుతుంది.

ప్రొటీన్‌కు మాంసకృత్తు ఉంది. మాంసాన్ని చేసేది అని అర్థమే తప్ప మాంసంతో చేసినదని కాదు. కందిపప్పులోనూ ఉంటుంది కాబట్టి శాకాహారులు కంగారు పడక్కర్లేదు. కానీ లైపో అంటే కొవ్వు కదా అని లైపోప్రొటీన్‌ను ‘కొవ్వు మాంసకృత్తు’ అంటే మటన్ కొట్టు ముందు నిలబడ్డట్టుంటుంది. పైగా మనకి కొవ్వంటే పొగరు కూడానాయె. లైపోప్రొటీన్ అనే రాయండి.

డాక్టరుగారి మాటని దిద్దక్కర్లేదు. మీరు రాసేటప్పుడు మాత్రం రిపోర్టులో ఉన్నట్టే ‘ఎల్.డి.ఎల్. కొలెస్ట్రాల్’ అనండి. ఎల్.డి.ఎల్.లో ఉన్న కొలెస్ట్రాల్ అని విగ్రహవాక్యం.