ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిల్ ఇంట్లోనే మార్చుకోవచ్చా?

ప్రశ్న: నాది 2012 హోండా సిటీ ఆటోమేటిక్. నాన్నగారు వాడిన బండి, 82 వేల కిలోమీటర్లు తిరిగింది. గేరుబాక్సు ఆయిల్ ఎప్పుడైనా మార్చారో లేదో తెలియదు. ఈమధ్య రెండో గేరు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు చిన్న కుదుపు వస్తోంది. ఒక వర్క్‌షాపులో ‘ఈ ఆయిల్ జీవితకాలం పనిచేస్తుంది, ముట్టుకోవద్దు’ అన్నారు. మరోచోట మిషను పెట్టి మొత్తం కడిగేద్దామన్నారు. ఇంజన్ ఆయిల్ నేనే మార్చుకుంటాను. ఇది కూడా మార్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మార్చుకోవచ్చు. ఇంజన్ ఆయిల్ మార్చిన చేతికి ఇది కష్టమైన పనేమీ కాదు. అయితే ముందు ఒక సంగతి తేల్చుకోండి. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ రొద పెరిగి, బండి మాత్రం లాగకుండా ఉందా? అలా ఉంటే అది కుదుపు కాదు, జారుడు. లోపల క్లచ్ ప్లేట్లు అరిగి ఉంటాయి. అరిగిన ప్లేటును ఏ ఆయిలూ తిరిగి తేలేదు. ఉత్త కుదుపే అయితే కొత్త ఆయిల్‌తో తగ్గే అవకాశం బాగా ఉంది.

‘జీవితకాలం’ అన్న మాటను నేను ఒప్పుకోను. ఇరవై ఎనిమిదేళ్లుగా విజయవాడ ఆటోనగర్‌లో గేరుబాక్సులు విప్పుతున్నాను. ఈ ఆయిల్ పళ్లచక్రాలను తడిపి ఊరుకోదు. ఒత్తిడితో క్లచ్‌లను నొక్కేది అదే, వేడిని మోసుకుపోయేది అదే, ప్లేట్లు మెత్తగా పట్టు అందుకునేలా చూసేదీ అదే. మే నెల ఎండలో మీ గోదావరి వంతెన మీద అంగుళం అంగుళం జరిగే ట్రాఫిక్‌లో అది ఎంత ఉడుకుతుందో ఆలోచించండి. అన్నేళ్లు ఉడికిన ఆయిల్‌లో మునుపటి సత్తువ ఉండదు.

మిషను మాట కూడా పక్కన పెట్టండి. ఇన్నాళ్లూ ఎవరూ తాకని గేరుబాక్సును ఒత్తిడి పెట్టి కడిగితే అడుగున పేరుకున్న మడ్డి కదిలి, ఆయిల్‌ను ఏ క్లచ్‌కు పంపాలో చూసే వాల్వు బాడీలోని సన్నటి దారుల్లో చిక్కుకుంటుందని నా భయం. దించి పోయడమే మంచిది, అదీ మూడు విడతలుగా. మీ బండిలో గేరుబాక్సు అడుగున ఉన్న బోల్టు ఒకసారి తీస్తే సుమారు రెండున్నర లీటర్లే దిగుతుంది. సగానికి పైగా, ఇంజన్ శక్తిని గేరుబాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్‌లోనూ లోపలి దారుల్లోనూ ఉండిపోతుంది. అందుకే ఒకసారి మార్చి, రెండు మూడు వారాలు తిప్పి, మళ్లీ మార్చండి. మూడో విడత అయ్యేసరికి పాతది ఐదో వంతుకు కాస్త అటూ ఇటూగా మిగులుతుంది. ఎనిమిది లీటర్లు కొంటే మూడు విడతలకూ సరిపోతుంది.

కొనేటప్పుడు డబ్బా మీద ఏటీఎఫ్ డీడబ్ల్యూ-1 అని ఉందో లేదో చూడండి. ఏటీఎఫ్ అంటే ఆటోమేటిక్ గేరుబాక్సు ద్రవం. పాత జెడ్1 ఆయిల్ స్థానంలో హోండా తెచ్చింది అదే. ఇక్కడ ఒక్క హెచ్చరిక. 2014లో వచ్చిన కొత్త సిటీ పేరుకు ఇదే కారు, లోపల ఉన్నది మాత్రం సీవీటీ, అంటే విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో వేగం మార్చే గేరుబాక్సు. దానికి హెచ్‌సీఎఫ్-2 అనే వేరే ద్రవం పోయాలి. మీ ఆయిల్ మిగిలిందని పక్కింటివారి కొత్త సిటీలో పోయనివ్వకండి, గేరుబాక్సు పాడైపోతుంది.

ఇక పని. బండిని పది నిమిషాలు తిప్పి తెచ్చి, అరగంట ఆగండి. గోరువెచ్చగా ఉంటే ఆయిల్ బాగా దిగుతుంది, చేయి కాలదు. ఉత్త జాకీ మీద లేపిన కారు కిందికి దూరవద్దు. ఇది బతిమాలి చెబుతున్నాను. గట్టి నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రెండు వైపులా చెక్కలు అడ్డం పెట్టి, కారు బరువు జాకీ స్టాండ్ల మీద కూర్చున్నాకే కిందికి వెళ్లండి. స్టాండ్లు లేకపోతే ఆ ఆదివారం పని మానేయండి.

బోల్టు విప్పే ముందు గేరుబాక్సు డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) చేతికి అందుతోందో, బయటికి వస్తోందో చూడండి. కొత్త ఆయిల్ పోయాల్సింది ఆ రంధ్రంలోంచే. పోసే దారి తెరుచుకోకముందే ఉన్నది దించేస్తే బండి కదలకుండా అక్కడే ఉండిపోతుంది. తరువాత, ఏ బోల్టు విప్పుతున్నారో రెండుసార్లు చూసుకోండి. ఇంజన్ ఆయిల్ బోల్టు తల ఆరు పలకలది, 17 నంబరు స్పానరు పడుతుంది. గేరుబాక్సు బోల్టుకు చదరపు గుంట ఉంటుంది, 3/8 అంగుళం రాచెట్ నేరుగా అందులో కూర్చుంటుంది. మా షెడ్డులో కొత్తగా చేరిన కుర్రవాడు ఒకసారి ఇంజన్ ఆయిల్ అనుకుని గేరుబాక్సు ఆయిల్ దించేసి, పైన ఇంజన్‌లో నాలుగు లీటర్లు పోశాడు. ఇంజన్‌లో రెండింతలు, గేరుబాక్సులో లేమి. బండి స్టార్టు చేయకముందే నా కంటపడింది కాబట్టి బతికిపోయింది.

బోల్టు చేతిలోకి రాగానే దాని చివర చూడండి, అక్కడ అయస్కాంతం ఉంటుంది. దాని మీద కాటుకలాంటి బూడిదరంగు ముద్ద పట్టి ఉంటుంది. రెండు వేళ్ల మధ్య రుద్దండి. మెత్తగా జారిపోతే అది మామూలు అరుగుదలే, తుడిచేయండి. గరగరమని తగిలినా, మెరిసే పెళ్లలు కనిపించినా పని ఆపి నిపుణుడికి చూపించండి. దిగిన ఆయిల్ చుక్కను తెల్లని గుడ్డ మీద వేసి చూడండి. కొత్తది దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది. మీది గోధుమరంగుకు తిరిగి ఉంటుంది, ఫరవాలేదు. నల్లబడి, మాడిన వాసన వేస్తే మాత్రం ఫరవాలేదని అనలేను.

దిగిన ఆయిల్‌ను ఖాళీ సీసాల్లో కొలవండి. ఎంత దిగిందో అంతే పోయండి, ఒక్క గరిటె కూడా ఎక్కువ వద్దు. ఎక్కువైతే నురగ వచ్చి ఒత్తిడి నిలవదు. బోల్టుకు కొత్త వాషరు వేసి, ఎంత బిగువు పడుతోందో చూపే టార్క్ రెంచి ఉంటే 49 న్యూటన్ మీటర్లకు బిగించండి.

మట్టం చూడటంలోనే చాలామంది పొరబడతారు. బండిని చదునైన చోట దించి, రేడియేటర్ ఫ్యాను తిరిగేదాకా ఇంజన్ నడపండి. ఆపాక అరవై సెకన్లు గడిచి తొంభై సెకన్లు కాకముందే డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టి చూడండి. రెండు గీతల మధ్య ఉండాలి. వేరే కంపెనీల కార్లు చాలావాటికి ఇంజన్ నడుస్తుండగానే చూస్తారు, ఆ అలవాటు దీనికి పనికిరాదు.

పాత ఆయిల్‌ను గుమ్మాలకు చెద పట్టకుండా పూసేవారున్నారు, కాలవలో పారబోసేవారూ ఉన్నారు. రెండూ చేయకండి. చట్టం దీన్ని ప్రమాదకర వ్యర్థంగానే లెక్కిస్తుంది. సీసాల్లో మూత బిగించి, వాడిన ఆయిల్‌ను పీపాల్లో పోగుచేసి అధీకృత శుద్ధి కేంద్రాలకు పంపే వర్క్‌షాపులో ఇవ్వండి.

ప్రశ్న: నా కారు ఏఎంటీ. దీనికీ ఇదే ఆయిలా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కాదమ్మా. మీ కారులో ఉన్నది మామూలు గేర్ల పెట్టే. మీ బదులు క్లచ్ నొక్కి గేరు మార్చే యంత్రాన్ని దానికి జోడించారు, అంతే. కాబట్టి అందులో పోసేది మాన్యువల్ గేరు ఆయిల్. హైడ్రాలిక్ పద్ధతిలో పనిచేసేదైతే ఆ యంత్రానికి విడిగా ఒక చిన్న డబ్బాలో వేరే ద్రవం ఉంటుంది. రెండింటి రకాలూ కారుతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటాయి. దుకాణంలో ‘ఆటోమేటిక్‌కు ఆయిల్ ఇవ్వండి’ అని అడగకుండా ఆ పేజీ ఫోనులో ఫోటో తీసుకుని వెళ్లి చూపించండి.