మనవడి చేత పంపే మాటలు

భీమవరం దగ్గరి పల్లె నుంచి నలభై ఒక్కేళ్ళ రొయ్యల రైతు రాసిన ఉత్తరం ఇది. "నాన్నగారి పేరున ఉన్న మూడెకరాల వరిచేనులో మూడేళ్ళ క్రితం చెరువు తవ్వించాను. మొదటి రెండు పంటలు బాగానే చేతికొచ్చాయి. తరువాత రొయ్యలకు వైట్‌స్పాట్ తెగులు తగిలి ఒక పంట మొత్తం పోయింది. 2025లో అమెరికా సుంకాలు పెంచాక ధర పడిపోయింది. అప్పు మిగిలింది. నిద్ర పట్టదు, గుండె దడగా ఉంటుంది. మా ఆవిడ బలవంతం మీద ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌లో రెండుసార్లు మాట్లాడాను కానీ గురి కుదరడం లేదు. మనిషి ఎదురుగా లేకుండా ఫోన్‌లో చెప్పుకుంటే ఫలితం ఉంటుందా? మాటలు బయటికి పొక్కవా? పొక్లెయిన్ చేలో దిగిన రోజు నుంచి నాన్నగారు నాతో మాట్లాడరు, అది వేరే సంగతి. పంట లోను రెన్యువల్ అని చెప్పి చెరువు కాగితాల మీద ఆయన చేత సంతకం పెట్టించుకున్నాను. గట్టు మీద నిలబడి 'నన్నొక్క మాట అడిగావా' అన్నారు, అంతే. ఏదైనా చెప్పాలంటే మా ఏడేళ్ళ అబ్బాయి చేత చెప్పిస్తాం. ఒక్కోసారి ఎందుకొచ్చిన బతుకు అనిపిస్తోంది."

మీ ఉత్తరంలోని చివరి వాక్యంతో మొదలుపెడతాను. అది మాటవరసకు రాశానని మీరు అనవచ్చు, నేను మాత్రం అలా చదవలేను. ఈ రోజే ఆ మాట మీ భార్యతో చెప్పండి. చెరువు పాకలోనూ ఇంట్లోనూ ఉన్న పురుగుమందు, చెరువు మందు డబ్బాలను ఆమె చేతికి అప్పగించండి. ఆ తలపు మళ్ళీ వస్తే, అర్ధరాత్రయినా సరే, 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ అది. ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక మీరు అడిగిన ప్రశ్నకు జవాబు చిన్నది. ఫోన్‌లో, వీడియోలో చేసే కౌన్సెలింగ్ వల్ల దిగులు, ఆందోళన తగ్గినవారు చాలామంది ఉన్నారు. మానసిక వైద్యుడి ఆసుపత్రి ముందు బండి ఆగితే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయే మన పల్లెల్లో ఆ పద్ధతి మరింత మేలని కూడా నా అనుభవం. మాట్లాడేవారు క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలి (RCI) నమోదు సంఖ్యను, సైకియాట్రిస్టు అయితే వైద్య మండలి నమోదు సంఖ్యను అడగండి. అడగడం మీ హక్కు, వారు నొచ్చుకోరు. ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాల్లో తప్ప మీ సంగతులు బయటపెట్టకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. నిద్రకు మాత్రలు కావాలంటే డాక్టరే రాయాలి, మందుల షాపులో అడిగి తెచ్చుకోవద్దు. ఈ ప్రశ్న గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు, ఎందుకంటే మీ గురి కుదరకపోవడానికి కారణం ఫోన్ కాదు.

ఆ రెండుసార్లూ మీరు కౌన్సెలర్‌తో ఏం మాట్లాడి ఉంటారో నేను ఊహించగలను. వైట్‌స్పాట్ గురించి, మేత బాకీ గురించి, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) గురించి, బ్యాంకు నోటీసుల గురించి చెప్పి ఉంటారు. నాకు రాసిన ఉత్తరంలోనే 'అది వేరే సంగతి' అని పక్కన పెట్టిన విషయాన్ని వారికి అసలు చెప్పి ఉండరు. నా దృష్టిలో మీ నిద్ర పోయింది అక్కడే. రొయ్యకు తెగులు రావడంలో మీ తప్పు లేదు. అమెరికాలో వేసిన సుంకానికి మీరు బాధ్యులు కారు. అప్పు పెద్దదే అయినా మన ప్రాంతంలో చెరువు దెబ్బ తిని మళ్ళీ నిలదొక్కుకున్న ఇళ్ళు వీధికి ఒకటైనా ఉంటాయి. మీ చేతులారా జరిగింది ఒక్కటే. కన్నతండ్రి మీ మీద నమ్మకంతో చదవకుండా పెట్టిన సంతకాన్ని మీరు అబద్ధం చెప్పి తీసుకున్నారు.

గోదావరి కాలువలకు నీరిచ్చే ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ కాలువ నీటితో మీ తాత ముత్తాతలు వరి ఊడ్చిన చేలోకి ఉప్పునీటి బోరు వచ్చిందని నాన్నగారికి బాధ ఉండవచ్చు. కానీ ఆయన అన్న మాటను మీరే నాకు రాశారు. అందులో చేను లేదు, ఉప్పు లేదు, డబ్బూ లేదు. 'నన్నొక్క మాట అడిగావా' అన్నారు. వయసు మీద పడిన తండ్రికి ఇంట్లో మిగిలే పెద్దరికం అడిగించుకోవడమే. ఆయన మౌనంలో పంతం కూడా ఉంది, నేను కాదనను. అయితే పంతం దిగవలసిన వరుసలో ముందున్నది మీరు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఆ పిల్లవాడు. 'తాతయ్యగారూ, నాన్న భోజనానికి రమ్మంటున్నారు' అని ఒక గది నుంచి ఇంకో గదికి మోసుకెళ్తున్నాడు. మాటలు సరిగా వచ్చిన నాటి నుంచి వాడికి తెలిసిన తండ్రీకొడుకులు ఇలాగే ఉన్నారు. పెద్దవాళ్ళ మధ్య మాటలు మోసే పని పసివాడికి పెట్టడం నేను ఏ ఇంట్లోనూ ఒప్పుకోను. అది ఈ రోజుతో ఆగాలి.

నాన్నగారు పొద్దున్నే గట్టు మీదికి వెళ్తూనే ఉంటారని అనుకుంటున్నాను, చేను చెరువైనా రైతుకు ఆ అలవాటు పోదు. ఒకనాడు ఆయన వెనకాలే వెళ్ళండి. అమ్మగారినో, మేనమామనో మధ్యవర్తిగా తీసుకెళ్ళవద్దు. 'లోను రెన్యువల్ అని చెప్పి మీ చేత సంతకం పెట్టించుకున్నాను నాన్నగారూ, అది తప్పు' అని చెప్పండి, అంతకు మించి పొడిగించవద్దు. చెరువు ఎందుకు తవ్వించారో, ఊళ్ళో ఎంతమంది తవ్వించారో, ధర ఎలా పడిందో ఎత్తితే క్షమాపణ కాస్తా వాదన అవుతుంది. చెరువు తవ్వించినందుకు మీరు తల దించుకోనక్కరలేదు, అది మీ కష్టార్జితపు సాహసం. దించవలసింది ఆ సంతకం విషయంలోనే. ఆయన జవాబు చెప్పకుండా నడిచి వెళ్ళిపోవచ్చు. మూడేళ్ళ మౌనం ఒక్క పొద్దులో కరగకపోతే చిన్నబుచ్చుకోకండి, వెనక్కి పిలిచి సమాధానం అడగకండి. అప్పు తీర్చే దారి మీద ఆయన సలహా అడిగే రోజు కూడా వస్తుంది, అది తరువాతి మాట.

మూడోసారి కౌన్సెలర్‌తో మాట్లాడేటప్పుడు చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్ల హోరులో పాకలో కూర్చోకుండా, ఇంట్లోనే గది తలుపు వేసుకుని మాట్లాడండి. మొదట సంతకం సంగతి చెప్పండి, రొయ్యల సంగతి తరువాత. ఇక ఈ రాత్రి భోజనానికి నాన్నగారిని పిలవడానికి అబ్బాయిని పంపకండి. మీరే వెళ్ళి పిలవండి.