పాత కారు అందం జ్ఞాపకంలో ఉందా, ఆకారంలో ఉందా?

ప్రశ్న: మా నాన్నగారు 1972లో కొన్న ఫియట్ కారు ఇప్పటికీ మా షెడ్డులో ఉంది. దాన్ని బాగు చేయిద్దామంటే మా అబ్బాయి, "అది తాతయ్య కారు కాబట్టి మీకు అందంగా కనిపిస్తోంది, అంతే నాన్నా" అంటున్నాడు. పాత కార్ల అందమంతా జ్ఞాపకాల వల్ల వచ్చేదేనా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: జ్ఞాపకం అందాన్ని పెంచుతుందన్నది నిజమే. కానీ అందమంతా జ్ఞాపకమే అయితే, మనకు ఏ పరిచయమూ లేని కారు మనల్ని ఆపి నిలబెట్టకూడదు కదా! ఇటలీలో రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో తయారైన చిసితాలియా 202 సంగతి చూడండి. రెండు వందలకు లోపే తయారైన ఆ కారుతో మన తెలుగువాళ్లకు ఏ అనుబంధమూ లేదు. అయినా దాని ఫొటో ఎవరి చేతిలో పెట్టినా కాసేపు అలాగే చూస్తూ ఉండిపోవడం నేను చాలాసార్లు గమనించాను. న్యూయార్కులోని ఆధునిక కళల మ్యూజియం 1951లో ఎనిమిది కార్లను శిల్పాల్లా నిలబెట్టి ప్రదర్శించినప్పుడు వాటిలో ఇదొకటి. 1972లో ఆ మ్యూజియం దీన్ని తన శాశ్వత సేకరణలోనే చేర్చుకుంది.

అంతకుముందు కార్లలో చాలావరకు ఇంజనుకు ఒక పెట్టె, దానికి అటూ ఇటూ మడ్‌గార్డులు, వాటి మధ్య విడిగా బిగించిన దీపాలు ఉండేవి. ట్యూరిన్‌లోని పినిన్ ఫరీనా కార్ఖానా ఈ కారులో బానెట్‌ను మడ్‌గార్డుల కన్నా కిందికి దించి, దీపాలను ఆ మడ్‌గార్డుల ఒంపులోనే కలిపేసి, పనివాళ్లు సుత్తితో సాగగొట్టిన రేకుతో మొత్తాన్ని ఒకే ముద్దలా తీర్చింది. ఎక్కడ బానెట్ అయిపోయి ఎక్కడ మడ్‌గార్డు మొదలైందో వేలు పెట్టి చూపలేం. మీకు సంతోషం కలిగించే మాట ఇంకొకటి ఉంది. అంత పేరు పొందిన ఆ కారుకు ఆధారం 1,089 సీసీల ఫియట్ 1100 ఇంజనే. 1964 నుంచి బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ కర్మాగారంలో ఫియట్ 1100 డిలైట్‌గా తయారై, ఆ తర్వాత పద్మిని అనే పేరు తెచ్చుకున్న మీ కారు మోడల్ ఇంజను కూడా ఆ వంశంలోదే.

ఇక మీ కారునే తీసుకుని మీ అబ్బాయికి చూపించండి. పది అడుగుల దూరాన, పక్క నుంచి, చక్రాల ఎత్తుకు వంగి చూడమనండి. ముందు చక్రం మధ్య నుంచి ముందు తలుపు అంచు వరకు ఎంత జాగా ఉందో మొదట గమనించాలి. ఇంజనును పొడవుగా అమర్చి వెనక చక్రాలను తిప్పే కార్లలో ఆ జాగా సహజంగానే వస్తుంది. కారు ముందుకు అడుగు వేయబోతున్నట్టు కనిపించేది అందువల్లే. నేటి చిన్న కార్లలో ఇంజనును అడ్డంగా పెట్టి ముందు చక్రాలనే తిప్పుతారు కాబట్టి లోపల మనుషులకు చోటు పెరిగింది, బయట ఆ నిడివి పోయింది. ప్రమాదంలో పైకప్పు నలగకుండా అద్దాల పక్క స్తంభాలు లావెక్కాయి, కారు తగిలిన పాదచారి తలకు దెబ్బ తగ్గాలని బానెట్ ఎత్తు పెరిగింది. ఇవి ప్రాణాలు కాపాడే మార్పులు, వీటిని నేను తప్పుపట్టను. అయితే సన్నని స్తంభాల మీద తేలినట్టుండే పైకప్పు, నాలుగు వైపులా ధారాళమైన అద్దాలు మీ ఫియట్‌కు ఉన్నాయి, కొత్తవాటికి లేవు. దీనికి జ్ఞాపకంతో పని లేదు.

రెండోది, రేకు మీద పడే వెలుగు. 1961లో జెనీవాలో తొలిసారి చూపిన బ్రిటిష్ స్పోర్ట్స్ కారు జాగ్వార్ ఈ-టైపు ఆకారాన్ని రూపొందించిన మాల్కమ్ సేయర్ విమానాల పరిశ్రమ నుంచి వచ్చినవాడు. గాలిని చీల్చుకుపోయే ఆకారం కోసం ఆయన ఒంపులను కంటి అంచనాతో వదిలేయకుండా గణితంతో లెక్కగట్టాడు. అందుకే ఆ పొడవాటి బానెట్ మీద పడిన వెలుగు ఎక్కడా తెగకుండా నూనెలా జారుతుంది. బానెట్ మధ్యలోని ఉబ్బు కూడా అలంకారం కాదు, కింద ఎత్తుగా ఉన్న ఆరు సిలిండర్ల ఇంజనుకు చోటు. 1960ల చివర్లో అమెరికా నిబంధనల వల్ల దీపాల మీది గాజు మూతలు తీసేశాక అక్కడ ఆ ధార తెగింది. నా దృష్టిలో ఈ-టైపు అందం ఆ రోజే కొంత తగ్గింది.

ప్రశ్న: మా అంబాసిడర్‌కు టింకరింగ్ చేయించాలనుకుంటున్నాను. అసలు అందం చెడకుండా ఏం జాగ్రత్త తీసుకోవాలి?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: పుట్టీ విషయంలో జాగ్రత్త పడండమ్మా. సొట్టను లోపలి నుంచి తట్టి రేకును దాని చోటికి తేవడం రోజుల పని. పైన పుట్టీ మెత్తి అరగదీయడం ఒక పూట పని. రెండూ రంగు వేసిన రోజున ఒకేలా కనిపిస్తాయి. నా పాత కారుకు ఒక షెడ్డులో ఇలాగే మందంగా పుట్టీ పెట్టారు. రెండు వానాకాలాలు తిరక్కుండానే పెచ్చులూడింది, అంతకన్నా బాధ కలిగించిందేమంటే వెనక మడ్‌గార్డు ఒంపు మొద్దుబారిపోయింది. తర్వాత దాన్ని బాగు చేసిన పెద్దాయన అరచేతి కింద పల్చటి నూలు గుడ్డ పెట్టుకుని, కళ్లు మూసుకుని రేకు మీద మెల్లగా నిమిరేవాడు. కంటికి కనపడని ఎత్తుపల్లాలు ఆ చేతికి తెలిసేవి. చివరికి ట్యూబ్‌లైటు కింద నిలబెట్టి, దాని ప్రతిబింబం రేకు మీద తిన్నగా సాగుతోందా, వంకర పోతోందా అని చూసేవాడు. మీరూ కారు తీసుకునే ముందు ఈ ట్యూబ్‌లైటు పరీక్ష చేయండి.

అంబాసిడర్‌లో ముఖ్యంగా వెనక మడ్‌గార్డు భుజంలా పొంగే చోటును కాపాడుకోవాలి. 1950ల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఆ పొంగు, 2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారీ ఆగిపోయేదాకా ఆ కారును వదల్లేదు. వెడల్పాటి కొత్త టైర్లు, నల్లని అద్దాలు వేయించకండి. మీ కారు మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటితే, 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల కింద వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. అయితే ఛాసిస్ (కింది చట్రం), బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు కాబట్టి పని మొదలుపెట్టక ముందే ఈ సంగతి మెకానిక్‌కు చెప్పండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో చూడదగ్గ పాత కారు ఏదైనా చెప్పండి.
— ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చూడండి. ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా ఆర్డరిచ్చిన ఆ కారు, 1911లో ఆయన కన్నుమూశాక గానీ హైదరాబాద్‌కు చేరలేదు. పైన నేను చెప్పిన ఒకే ముద్దలాంటి ఆకారం దీనిలో ఉండదు. మడ్‌గార్డు, దీపం, చక్రం వేటికవి విడిగా కనిపిస్తాయి. వెనక కూర్చునే చోటును సింహాసనంలా ఎత్తుగా కట్టారు. గుర్రపు బండి కట్టిన చేతులే కారుకూ బాడీ కట్టిన కాలం అది. నెమ్మదిగా చుట్టూ తిరిగి, ఒక్కో భాగం దగ్గరా ఆగి చూడండి.