బార్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ ఆడవాళ్లకే ఎక్కువగా వస్తుందా?

భావోద్వేగాలు, సంబంధాలు, తన గురించి తనకుండే అభిప్రాయం నిలకడగా ఉండని మానసిక జబ్బు ఇది. ఆసుపత్రి లెక్కలు చూస్తే అలాగే అనిపిస్తుంది. 1994లో వచ్చిన అమెరికా సైకియాట్రీ మాన్యువల్ డీఎస్ఎమ్-4, ఈ నిర్ధారణ అయినవాళ్లలో దాదాపు 75 శాతం ఆడవాళ్లేనని రాసింది. కానీ 2008లో వెలువడిన అక్కడి పెద్ద జనాభా సర్వేలో ఆడామగా తేడా పెద్దగా కనిపించలేదు.

మరి మగవాళ్లు ఏమైపోయారు? చాలామంది మద్యం, డ్రగ్స్ కేసులుగానో, వట్టి కోపిష్టులుగానో జమ అవుతారు. అవతలివాళ్లు ఫోన్ ఎత్తకపోతే ‘నన్ను వదిలేస్తున్నారు’ అన్న భయం ఇద్దరిలోనూ ఒకటే. ఆమె మెసేజ్ మీద మెసేజ్ పెట్టి, ఏడ్చి, తనను తాను గాయపరచుకుంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు. అతను తాగొచ్చి తలుపులు బాదితే ‘మగాడు, కాస్త కోపమెక్కువ’ అని సరిపెట్టుకుంటారు. (తిరగబడిన ఉదాహరణలూ బోలెడు.)

తన గురించి తనకుండే అభిప్రాయం సంగతి ఇంకా చిక్కు. ‘నేనెవరు’ అన్నది నిలకడగా లేకపోవడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి. అందుకే చుట్టూ ఉన్నవాళ్లు వేసే ముద్ర తొందరగా అంటుకుంటుంది. ఆమె ‘నాదంతా అతి’ అని సిగ్గుపడుతుంది. భయమేస్తోందని చెప్పడమే చేతకానితనం అనుకుంటాడు అతను. ఇప్పుడు ఇద్దరికీ వాడుతున్న డీబీటీ (భావోద్వేగాలను అదుపు చేసుకోవడం నేర్పే థెరపీ) మీద అమెరికా సైకాలజిస్ట్ మార్షా లినెహాన్ 1991లో ప్రచురించిన తొలి ట్రయల్‌లో కూడా ఉన్నది ఆడవాళ్లే.