ఉన్న ఫ్లాట్ ముందు అమ్మాలా, కొత్తది ముందు కొనాలా?

"ఉన్న ఫ్లాట్ అమ్మి కాస్త పెద్దది కొనుక్కోవాలనుకుంటున్నాం. ముందు అమ్మాలా, ముందు కొనాలా?" అని అడిగారు.

ముందు అమ్మండి. అవతలి ఇల్లు ఎంత నచ్చినా సరే, మీ ఇంటికి బయానా చేతిలో పడకుండా అక్కడ బయానా ఇవ్వకండి. ఇంకో మాట. అగ్రిమెంటులో రిజిస్ట్రేషన్ గడువు ఒక్కటే రాసుకుంటే చాలదు, తాళాలు ఇచ్చే తేదీ విడిగా రాయించుకోండి. ఈ రెండూ చేయక 2024లో మేం పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు.

మాది హైదరాబాద్ నిజాంపేటలో డబుల్ బెడ్‌రూమ్. పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు, అత్తయ్య మా దగ్గరే ఉంటారు. ఆ సంక్రాంతి సెలవుల్లో బాచుపల్లిలో ఒక త్రిబుల్ బెడ్‌రూమ్ చూశాం. 98 లక్షలు. తూర్పు గుమ్మం, వంటింట్లోకి పొద్దున్నే ఎండ. "రేపు ఇంకో పార్టీ వస్తోందమ్మా" అన్నాడు బ్రోకర్. ఆ సాయంత్రమే 5 లక్షలు బయానా ఇచ్చేశాం. మూడు నెలల గడువు. మా ఫ్లాట్ అమ్మకానికి పెట్టింది ఆ తర్వాతే.

ఫిబ్రవరి అంతా చూసి వెళ్లేవాళ్లే తప్ప బేరం ఆడినవాళ్లు లేరు. మార్చిలో వచ్చినాయనకు మాత్రం మా గడువు సంగతి ముందే తెలుసు. రెండు వైపులా బ్రోకర్ ఒక్కడే మరి! 65 లక్షలు చెప్పిన ఇల్లు 62కి దిగింది. అమ్మడానికీ కొనడానికీ ఒకే బ్రోకర్‌ను పెట్టుకోకూడదని అప్పటినుంచి కనబడ్డవాళ్లందరికీ చెప్తున్నాను. ఇద్దరి దగ్గరా కమీషన్ తీసుకునేవాడు ఎవరి తరఫున మాట్లాడతాడు?

కొనేవాళ్లు పెట్టిన షరతు ఒక్కటే. ఆ ఏడాది ఏప్రిల్ ఆఖర్లో శుక్ర మూఢం మొదలైంది. అది తీరేసరికి ఆషాఢం. మళ్లీ ముహూర్తమంటే ఆగస్టులో శ్రావణం వచ్చాకే. కాబట్టి మూఢం రాకముందే రిజిస్ట్రేషన్, గృహప్రవేశం రెండూ అయిపోవాలన్నారు. సరే అన్నాం, అనక ఏం చేస్తాం.

మా ఫ్లాట్ మీద ఇంకా 9 లక్షల లోన్ ఉంది. వాళ్లిచ్చిన బయానాతో తీర్చేశాం. డబ్బు కట్టిన రోజే కాగితాలు ఇచ్చేస్తారనుకున్నాం. ఒరిజినల్స్ చేతికి రావడానికి 24 రోజులు పట్టింది. లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లోపు బ్యాంకు కాగితాలు ఇవ్వాలి, తన తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేలు కట్టాలి అని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. అంటే 30 రోజుల వరకు అడిగే హక్కు లేదనేగా! మీరు లెక్క వేసుకునేటప్పుడు ఆ నెల కలుపుకోండి.

ఎలాగో ఒకే వారంలో రెండు రిజిస్ట్రేషన్లూ అయ్యాయి. బాచుపల్లి ఇంట్లో అద్దెకున్నవాళ్లు ఉన్నారు. "రిజిస్ట్రేషన్ అయ్యాక ఖాళీ చేయిస్తాం" అన్నారు ఓనర్. ఆ 'అయ్యాక' అంటే ఎప్పుడో మేం అడగలేదు. పిల్లల సెలవులు అయిపోతేగానీ కదలం అన్నారు వాళ్లు. వాళ్లు కదిలినా మూఢంలో కొత్తింట్లో అడుగు పెట్టనని అత్తయ్య పట్టు.

మా ఫ్లాట్ ఖాళీ చేయడానికి రెండు రోజుల ముందే అత్తయ్య ఆవకాయ పెట్టారు. ఏటా ఆవిడ చేత్తో పెట్టేదే, వద్దని నోరు రాలేదు. మూడో రోజు తిరగ కలపాలి. ఆ మూడో రోజు తెల్లవారుజామునే మా ఫ్లాట్ కొన్నవాళ్ల గృహప్రవేశం. నాలుగున్నరకల్లా ఆవూ దూడా సెల్లార్‌లోకి వచ్చేశాయి. పైన మా వంటింట్లో ఎవరో పాలు పొంగిస్తున్నారు. కింద వాచ్‌మెన్ గది ముందు, మంచాల బద్దలకీ బియ్యం డబ్బాకీ మధ్య కూర్చుని, అత్తయ్య జాడీ వాసెన విప్పి ఊట చూసి కలిపారు. ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత ఆటోలో ఆ జాడీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆ రోజు ఆవిడ మొహం తలచుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది.

ఆ తర్వాత శ్రావణం దాకా సింగిల్ బెడ్‌రూమ్ అద్దె, సగం సామాను తమ్ముడింట్లో. మూడు నెలలకే అంటే ఎవరూ ఇల్లివ్వరు. ఆరు నెలలుంటామని అబద్ధం చెప్పి అడ్వాన్సులో కొంత వదులుకున్నాం.

డబ్బు దగ్గరా ఇలాగే లెక్క తప్పాం. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్, అంటే మన పేరు మీద ముందుగా కట్టే ఆదాయపన్ను, పట్టుకుని కడతారు. అంటే మాకు 62 వేలు తక్కువ వచ్చింది. రిటర్న్‌లో సర్దుబాటవుతుంది నిజమే, కానీ ఆ రోజు చేతిలో లేదు కదా. కొత్తదానికి రిజిస్ట్రేషన్ ఖర్చే తెలంగాణలో 7.5 శాతం, 7 లక్షల 35 వేలు.

ఇక "తొందరగా కొనకపోతే ట్యాక్స్ పడుతుంది" అని చుట్టాలు మిమ్మల్నీ భయపెడతారు. మమ్మల్ని తొందరపెట్టినవాటిలో ఆ భయం కూడా ఉంది. ఆదాయపన్ను చట్టం ప్రకారం, అమ్మిన లాభం మీద ట్యాక్స్ పడకుండా పాత ఇల్లు అమ్మిన రెండేళ్లలోపు కొత్తది కొనొచ్చు, కట్టుకునేట్టయితే మూడేళ్లు. రిటర్న్ గడువులోపు ఖర్చుకాని లాభాన్ని బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేసి ఉంచాలి, అంతే. మాకు ఈ సంగతి ఆడిటర్ చెప్పింది అన్నీ అయిపోయాక.

పోయినేడు తమ్ముడు తన ఫ్లాట్ అమ్మినప్పుడు అగ్రిమెంటు దగ్గర నేనే కూర్చున్నాను. రిజిస్ట్రేషన్ అయిన 45 రోజులకు తాళాలు, అప్పటిదాకా లక్ష రూపాయలు కొనేవాళ్ల దగ్గరే ఉంటాయి అని రాయించాను. కొనేవాళ్లు పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. ఆ 45 రోజుల్లో వాడు ఇల్లు వెతుక్కుని, బేరమాడి, కొన్నాడు. నలభై రెండో రోజున ఒకే లారీలో సామానంతా పాత గుమ్మం నుంచి కొత్త గుమ్మానికి వెళ్లింది.